పాయింట్లు పెరుగుతున్నాయి, పని కదలట్లేదు

ప్రశ్న

ఈ ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. ప్రైవేటు ఆస్పత్రులకు బిల్లింగ్, ఫార్మసీ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెక్ లీడ్, 12 ఏళ్ల అనుభవం. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఎనిమిది నెలల కిందట కంపెనీ అజైల్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతల్లో చేసే పద్ధతికి మారింది. రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి ఆవిడనే స్క్రమ్ మాస్టర్‌ని (అజైల్‌లో ఒక రకమైన స్క్రమ్ పద్ధతి టీమ్‌లో సరిగ్గా నడిచేలా చూసేవారు) కూడా చేశారు. టీమ్‌లో 14 మంది. రోజూ పదింటికి స్టాండప్, అంటే టీమ్ అంతా కలిసే రోజువారీ సమావేశం. డెలివరీ మేనేజర్ వచ్చి కూర్చుని ఒక్కొక్కరినీ టికెట్ల (ఒక్కో పనికి ఒక్కో నమోదు) వారీగా అడుగుతారు, 50 నిమిషాలకు తక్కువ కాదు. పని ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్ ఒకటంటే 8 గంటలని పైనుంచి ఆర్డరు. నెలనెలా అన్ని టీముల వెలాసిటీని, అంటే ఒక్కో స్ప్రింట్‌లో (రెండు వారాల పని విడత) పూర్తయిన పాయింట్ల మొత్తాన్ని, పక్కపక్కన పెట్టి చూపిస్తారు. వీళ్లది 42 నుంచి 70కి పెరిగింది, మెచ్చుకున్నారు కూడా. కానీ స్ప్రింట్‌కి పూర్తయ్యే టికెట్లు మొదట్లో 11 ఉంటే ఇప్పుడు 10. టికెట్లు ఏ దశలో ఉన్నాయో చూపే బోర్డు మీద ఎప్పుడు చూసినా 30 దాకా సగంలో ఉంటాయి. రెండు వారాల స్ప్రింట్‌లో ఎనిమిదో రోజున కోడ్ టెస్టింగ్ టీమ్ చేతికి వెళ్తుంది, ఉన్న రెండు రోజుల్లో వాళ్లు చూసినంత చూస్తారు. ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు చేయాలో తేల్చేవారు) పేరుకి సేల్స్ హెడ్. ఆయనకి తీరిక లేక బిజినెస్ అనలిస్ట్ కూర్చుంటారు, ఏది అడిగినా "సార్‌ని కనుక్కుని చెప్తా" అంటారు. స్ప్రింట్ మధ్యలో కొత్త పనులు మాత్రం వచ్చి పడుతుంటాయి. రిలీజ్ మూడు నెలలకోసారి, దాని ముందు స్ప్రింట్ మొత్తం బగ్‌లకే పోతుంది. స్ప్రింట్ చివర ఏం బాగుంది, ఏం మార్చాలి అని మాట్లాడుకునే రెట్రోలో ఎవరూ నోరు విప్పరు.

పోయిన నెల అప్రైజల్‌లో ఒక జూనియర్ కుర్రాడికి పాయింట్లు తక్కువున్నాయని తక్కువ రేటింగ్ వేశారు. మిగతావాళ్ల బగ్‌లు ఓపిగ్గా వెతికి పెట్టేది అతనే అని ఈవిడకి తెలుసు. "నేను టీమ్‌కి సాయం చేయడానికి ఉన్నానా, కర్ర పట్టుకుని నిలబడడానికి ఉన్నానా? నాకు చేయించడం చేతకాకే ఇలా అవుతోందేమో అని రాత్రుళ్లు అదే ఆలోచన. మేనేజర్‌తో గట్టిగా మాట్లాడనా, సర్దుకుపోనా, మానేయనా? మా ఆయన మానేయమంటున్నారు. ఇంటి లోన్ ఈఎంఐ ఉంది" అని అడిగారు.

సమాధానం

చేతకానితనం అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. మీరు రాసినవాటిలో మీ చేతిలో ఉన్నవి రెండో మూడో. టీమ్ ఎంతమంది ఉండాలి, పాయింటుకి ఎన్ని గంటలు, టెస్టర్లు ఎవరి కింద పనిచేయాలి, ప్రొడక్ట్ ఓనర్ ఎవరు అన్నవన్నీ పైవాళ్లు తేల్చినవి. మీ కంపెనీ మీటింగులు మార్చింది. ఏది ఎవరు నిర్ణయించాలి, పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వెళ్లాలి అన్నవి మాత్రం పాత పద్ధతిలోనే వదిలేసింది. చాలా కంపెనీల్లో అజైల్ ఇక్కడే ఆగిపోతుంది. ఆ భారం మీ ఒక్కరి నెత్తిన వేసుకోవడం న్యాయం కాదు.

స్టాండప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఎవరి అనుమతీ లేకుండా రేపే మార్చగలిగింది అదే. 14 మంది 50 నిమిషాలు కూర్చుంటే రోజుకి 700 నిమిషాలు. పది పనిదినాల స్ప్రింట్‌కి దాదాపు 117 గంటలు. ఒక మనిషి ఒక స్ప్రింట్‌లో పనిచేసేదే 80 గంటలు. అంటే ఒకరిన్నర మంది పని ఆ మీటింగ్‌కే పోతోంది. స్క్రమ్ పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్ 2020 కూర్పులో ఇది డెవలపర్లు ఆ రోజు పనిని తమలో తాము సర్దుకునే 15 నిమిషాల సమావేశం. "నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డం ఏముంది" అనే మూడు ప్రశ్నల్ని కూడా ఆ ఏడాదే గైడ్‌లోంచి తీసేశారు. టీమ్ మామూలుగా పదిమంది, అంతకన్నా తక్కువ అని కూడా అందులోనే ఉంది.

మీరు చేయాల్సిందల్లా మనుషుల్ని వరసగా అడగడం మానేసి టికెట్లని వరసగా చూడటం. బోర్డులో కుడి చివర, అంటే పూర్తవడానికి అతి దగ్గరలో ఉన్న టికెట్ దగ్గర మొదలుపెట్టండి. "ఇది ఇవాళ ఒక్క గడి జరగాలంటే ఎవరేం చేయాలి?" అన్న ప్రశ్న ఒక్కటే. చర్చ సాగేలా ఉంటే సంబంధించిన ఇద్దరో ముగ్గురో తర్వాత ఆగుతారు, మిగతావాళ్లు సీట్లకి వెళ్లిపోతారు. మూడు రోజులుగా కదలని టికెట్‌కి ఎర్ర గుర్తు పెట్టండి, అది ఎవరిదన్నది ముఖ్యం కాదు. ఇక మేనేజర్ సంగతి. ఆయనకి స్టేటస్ కావాలి, పైన ఆయన్నీ అడిగేవాళ్లున్నారు. అది వేరే దారిలో అందకుండా మీటింగ్‌లో ప్రశ్నలు ఆపమంటే ఆయన ఆపరు. రోజూ తొమ్మిదిన్నరకల్లా ఆయనకి ఐదు లైన్లు పంపండి: నిన్న పూర్తయినవేవి, ఎక్కడ ఏది ఆగింది, ఆయన కల్పించుకుంటే తప్ప కదలనిది ఏది. రెండు స్ప్రింట్లు ఇది టంచనుగా వెళితే మీటింగ్‌లో అడగడానికి ఆయన దగ్గర పెద్దగా మిగలదు.

టీమ్‌ని రెండు చేయమని అడిగే అవకాశం వస్తే ఒక జాగ్రత్త. స్క్రీన్లు చేసేవాళ్లు ఒక టీమ్, డేటాబేస్ వాళ్లు ఇంకో టీమ్ అని చీలిస్తే ప్రతి టికెట్టూ రెండు గుమ్మాలు దాటాలి, ఇప్పటికన్నా ఆలస్యమవుతుంది. బిల్లింగ్ ఏడుగురు, ఫార్మసీ ఏడుగురు అని చీలిస్తే పని మొదటి నుంచి చివరిదాకా ఒకే చోట అవుతుంది.

పాయింట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, మీ టీమ్‌కి అసలు హాని జరుగుతున్నది అక్కడ. స్టోరీ పాయింట్, వెలాసిటీ అన్న మాటలు స్క్రమ్ గైడ్‌లో లేనే లేవు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో అజైల్ పద్ధతిలో పనిచేసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన అలవాటది. ఈ పని ఆ పనికన్నా ఎంత పెద్దదో టీమ్ లోపల అనుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. 8 గంటలని కట్టేస్తే అది ఇంకో పేరుతో టైమ్‌షీట్. పక్క టీమ్ అంకెతో పోలిస్తే 3 వేయాల్సిన చోట 5 పడుతుంది. ఆ పని ఎవరూ దురుద్దేశంతో చేయరు, తిట్లు పడకుండా ఉండటానికి చేస్తారు. మీ 42, 70 అలా వచ్చినవే: అంకె మూడింట రెండొంతులు పెరిగింది, పూర్తయిన టికెట్లు ఒకటి తగ్గాయి. మనిషి మనిషికీ పాయింట్లు లెక్కపెట్టడం మరీ చేటు. పక్కవాడి బగ్ వెతికి పెడితే సున్నా, కోడ్ రివ్యూ చేస్తే సున్నా, కొత్తగా చేరినవాళ్లకి నేర్పితే సున్నా. అలాంటి లెక్కలో అందరికన్నా ఎక్కువ సాయం చేసినవాడే అడుగున ఉంటాడు. ఆ కుర్రాడికి జరిగింది ఇదే. దాన్ని చూసిన మిగతావాళ్లు ఏం నేర్చుకుని ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

పాయింట్లకి బదులు ఏం చూపించాలి? మీ టికెట్ల చరిత్ర జీరాలో (టికెట్లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. గత నాలుగు స్ప్రింట్లలో పూర్తయిన 40 టికెట్లు తీసుకోండి. ప్రతిదానికీ పని మొదలైన తేదీ, టెస్టింగ్ వరసలో పడిన తేదీ, టెస్టర్ చేతికి తీసుకున్న తేదీ, పూర్తయిన తేదీ ఎక్సెల్‌లో ఎక్కించండి. ఒక పూట పని. మొత్తం పట్టిన రోజుల్ని చిన్న నుంచి పెద్దకి వరస చేస్తే 34వ టికెట్‌కి ఎన్ని రోజులుంటే, "మా పనిలో నూటికి 85 ఇన్ని రోజుల్లోపు అవుతాయి" అని ధైర్యంగా చెప్పొచ్చు. అందులో ఎవరూ ముట్టుకోకుండా వరసలో పడి ఉన్న రోజులెన్నో విడిగా చూడండి. మీరు రాసినదాన్ని బట్టి ఎక్కువ రోజులు అక్కడే తేలతాయనుకుంటున్నాను.

బోర్డు మీద 30 సగం పనులు ఉండటం గురించి మీరు ఒక్క లైన్ రాసి వదిలేశారు గానీ, ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించింది అదే. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది: ఒక పనికి సగటున పట్టే కాలం, చేతిలో ఉన్న పనుల్ని రోజుకి పూర్తయ్యే పనులతో భాగిస్తే వస్తుంది. మీకు పది రోజుల్లో 10 పూర్తవుతున్నాయి, అంటే రోజుకొకటి. చేతిలో 30 ఉంటే ఒక్కోదానికి సగటున 30 పనిదినాలు, ఆరు వారాలు. ఎవరూ నిమిషం ఖాళీగా లేకపోయినా అంతే. పూర్తయ్యే వేగం ఇలాగే ఉంచి చేతిలో 15 మాత్రమే పెట్టుకుంటే 15 రోజులు. అందుకని టెస్టింగ్ వరసకి మూడని, డెవలప్‌మెంట్‌కి మనిషికొకటికి మించకూడదని హద్దు పెట్టండి. టెస్టింగ్ వరస నిండితే డెవలపర్ కొత్త టికెట్ తెరవకూడదు, ఉన్నది పూర్తవడానికి చేయి వేయాలి. "డెవలపర్లు ఖాళీగా కూర్చుంటారు" అన్న అభ్యంతరం మొదటి వారమే వస్తుంది. ఆ వారం వాళ్లని టెస్టుల ఆటోమేషన్‌లో పెట్టండి. ఎనిమిదో రోజు కుప్ప పడటం తగ్గేది దానితోనే.

ఆ కుప్ప పడటానికి ఇంకో కారణం స్టోరీలు (వాడేవాళ్లకి కావలసిన పనులు) ముక్కలుగా కోసే తీరు. ఉదాహరణకి డిశ్చార్జ్ బిల్లు. దాన్ని "టేబుళ్లు, సర్వీసు, స్క్రీన్" అని మూడు టికెట్లు చేస్తే మూడోది అయ్యేదాకా టెస్టర్ చూడటానికి ఏమీ ఉండదు. అదే పనిని రోగి వైపు నుంచి కోయండి. మొదట నగదు కట్టే రోగి, గది అద్దె, మందులు మాత్రమే. తర్వాత అడ్వాన్స్ మినహాయింపు. తర్వాత ప్యాకేజీ. ఆ తర్వాత ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ. ఒక్కో ముక్కా టేబుల్ నుంచి స్క్రీన్ దాకా నడుస్తుంది కాబట్టి మూడో రోజుకే టెస్టర్ చేతిలో ఏదో ఒకటి పడుతుంది. కోడ్ మొదలుపెట్టక ముందే డెవలపర్, టెస్టర్, అనలిస్ట్ అరగంట కూర్చుని మూడు నాలుగు ఉదాహరణలు రాసుకోవాలి. పది మాత్రల స్ట్రిప్‌లో ఆరు వెనక్కిస్తే విడి మాత్రలు తీసుకుంటామా లేదా, బిల్లులో ఇచ్చిన తగ్గింపు ఆ ఆరింటికి ఎలా పంచాలి, పన్ను ఎలా వెనక్కి వేయాలి, బ్యాచ్ నంబరు కలవకపోతే ఏం చూపించాలి. తొమ్మిదో రోజు బగ్‌గా తేలేవి చాలామటుకు ఇలాంటి అడగని ప్రశ్నలే.

ప్రొడక్ట్ ఓనర్ విషయంలో సేల్స్ హెడ్‌ని మార్చమని అడగడం వృథా. అనలిస్ట్‌కి ఏది సొంతంగా తేల్చే హక్కుందో కాగితం మీద పెట్టించండి: స్క్రీన్ మీద మాటలు, గడుల వరస, రెండు రోజులలోపు పట్టే మార్పులు ఆమెవి. డబ్బు లెక్క మారేవి, కస్టమర్‌కి మాటిచ్చినవి ఆయనవి, వాటికోసం వారానికి రెండుసార్లు అరగంట. స్ప్రింట్ మధ్యలో కొత్త పని తెస్తే వద్దనకండి. "సరే సార్, దీని బదులు ఏది తీసేయమంటారు?" అని అడిగి, తీసేసినదాని పేరు ఆయన చేతే రాయించండి. ఆస్పత్రి బిల్లింగ్‌లో అత్యవసరాలు నిజంగానే వస్తాయి. గత ఆరు స్ప్రింట్లలో మధ్యలో వచ్చినవి సగటున ఎన్నో లెక్కతీసి, ప్లానింగ్‌లోనే అంత జాగా వదలండి.

రెట్రో గురించి చెప్పాల్సింది తక్కువ. రేటింగ్ వేసే మనిషి గదిలో ఉంటే ఎవరూ మాట్లాడరు. మేనేజర్ ఒక్కరే కాదు, మీరూ ఆ జాబితాలో ఉన్నారు. టెక్ లీడ్‌గా అప్రైజల్‌కి మీ అభిప్రాయం అడుగుతారు కదా? కష్టం చెప్పుకోవాల్సినది, మార్కులు వేయాల్సినది ఒకే మనిషైతే ఎదుటివాళ్లు కష్టం దాచుకుంటారు. మీకు కర్ర పట్టుకున్నట్టు అనిపిస్తున్నది ఇందుకే, మీ స్వభావం వల్ల కాదు. రెండు పదవుల్లో ఒకటి వదులుకోవాల్సిన రోజు ఎలాగూ వస్తుంది.

ఇక మీ ముందున్న దారులు.

సర్దుకుపోవడం ఒకటి. ఈఎంఐ ఉన్నప్పుడు అది తప్పు కాదు. కానీ ఏ మార్పూ లేకుండా సర్దుకుపోతే వచ్చే అప్రైజల్‌లో ఇంకో కుర్రాడి మీద సంతకం మీరే పెట్టాల్సి వస్తుంది. అది మీకు పడదని ఉత్తరమే చెబుతోంది.

రెండోది, ఎవరికీ చెప్పకుండా మీ చేతిలో ఉన్నవి మార్చడం: స్టాండప్ తీరు, స్టోరీలు కోయడం, ముందే ఉదాహరణలు రాసుకోవడం, టెస్టింగ్‌కి హద్దు. రెండు స్ప్రింట్లలో టీమ్‌కి ఊపిరాడుతుంది. ఇబ్బంది ఏమిటంటే, చిన్న ముక్కలు, నిజాయితీ అంచనాలు వచ్చేసరికి వెలాసిటీ పడిపోతుంది. 70 కాస్తా 50 అయితే నెల మీటింగ్‌లో నిలబడేది మీరే. కాబట్టి ఈ దారిలో ఒంటరిగా ఎక్కువ దూరం వెళ్లకండి.

మూడోది మేనేజర్‌తో మాట్లాడటం. నేనైతే ముందు ఇటే మొగ్గుతాను, "గట్టిగా" అన్నది మాత్రం వద్దు. "మనం చేస్తున్నది అజైల్ కాదు" అని మొదలుపెడితే ఆయన ఎనిమిది నెలల పనిని తప్పన్నట్టవుతుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ఆయనకి పనికొచ్చేది పట్టుకెళ్లండి. ఆయన పైవాళ్లకి చెప్పాల్సింది రిలీజ్‌కి ఏమేం వస్తాయని. గత నాలుగు స్ప్రింట్లలో మీకు 8, 11, 10, 11 టికెట్లు పూర్తయ్యాయనుకోండి. రిలీజ్‌కి ఐదు స్ప్రింట్లుంటే తక్కువలో తక్కువ 40, బాగా జరిగితే 55. జాబితాలో 52 ఉంటే మొదటి 40 దాదాపు ఖాయం, 41 నుంచి 52 దాకా అనుమానం. ఈ మాట కస్టమర్‌కి ఇవాళే చెప్పొచ్చు, చివరి వారంలో తల పట్టుకోనక్కర్లేదు. 70 అన్న అంకె ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. ఒక పేజీలో ఇదీ, 40 టికెట్ల లెక్కా పెట్టి, మూడు స్ప్రింట్ల ట్రయల్ అడగండి. అడిగేవి మూడే: స్టాండప్ 15 నిమిషాలు, ఇద్దరు టెస్టర్లు మొదటి రోజు నుంచే మీతో కూర్చోవడం, ఆ ఆరు వారాలూ మనుషుల వారీ పాయింట్లు ఎవరికీ పంపకపోవడం. ఒప్పుకుంటే మంచిదే. టెస్టర్ల మీద అధికారం ఆయనది కాకపోతే ఆ ఒక్కటీ వాయిదా పడొచ్చు, మిగతా రెండూ వదలకండి. మూడూ కాదంటే, మీకు కావలసిన సమాచారం దొరికినట్టే, ఇంకో ఏడాది ఎదురుచూడక్కర్లేదు.

కుర్రాడి రేటింగ్‌ని ఈ ట్రయల్‌తో ముడిపెట్టకండి, అది ఆగేది కాదు. అతను వెతికి పెట్టిన బగ్‌ల నంబర్లు, చేసిన కోడ్ రివ్యూలు, తేదీలతో మేనేజర్‌కి మెయిల్ రాసి రేటింగ్ మళ్లీ చూడమనండి. గడువు దాటకముందే పంపండి. అక్కడ కదలకపోతే హెచ్‌ఆర్‌లో అప్పీలు చేసుకునే వీలుందేమో అతన్నే కనుక్కోమని, అవసరమైతే మీ మాట ఇస్తానని చెప్పండి. ఇందులో మేనేజర్‌కి కాస్త కోపం రావచ్చు. మెయిల్‌లో ఆయన్ని తప్పుపట్టే మాట ఒక్కటీ లేకుండా, జరిగిన పని మాత్రమే రాస్తే ఆ కోపానికి ఆధారం దొరకదు.

నాలుగోది స్క్రమ్ మాస్టర్ పని వదిలి టెక్ లీడ్‌గా ఉండిపోవడం. జీతంలో తేడా రాకపోవచ్చు గానీ, "బాధ్యత వద్దంది" అన్న మాట పడే అవకాశం ఉంది. "రెండూ ఒకరి దగ్గరుంటే టీమ్ నిజం చెప్పట్లేదు" అని కారణం చెప్పి, ఆ పనికి ఇంకొకరి పేరు మీరే సూచిస్తే ఆ మాట కొంత తగ్గుతుంది.

ఐదోది మానేయడం. చేతిలో ఆఫర్ లేకుండా వద్దు. నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లో చూసుకోండి, మూడు నెలలుంటే కొత్త కంపెనీ అంతవరకు ఆగుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన ఉంటే వచ్చిన మొదటి ఆఫర్‌కే తల ఊపాల్సిన పని ఉండదు. వెళ్లేచోట కూడా ఇదే తంతు ఉండొచ్చు కాబట్టి ఇంటర్వ్యూలో "మీరు అజైల్ చేస్తారా" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. పోయిన స్ప్రింట్‌లో మధ్యలో వచ్చిన పని ఏమిటి, దానికోసం ఏది తీసేశారు అని అడగండి. టెస్టర్ స్టోరీని మొదటిసారి ఏ రోజు చూస్తారో అడగండి. పోయిన రెట్రోలో అనుకున్నది ఏమిటి, అది అయిందా అని అడగండి. వెలాసిటీ ఎవరెవరు చూస్తారని అడిగి, జవాబిచ్చేముందు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారేమో గమనించండి.